వైరు లేని రెసిప్రొకేటింగ్ సా, దాని బ్యాటరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో చేతిమిషన్లు అద్దెకిస్తాను, రిపేర్లు కూడా చేస్తాను. బ్యాటరీతో నడిచే రెసిప్రొకేటింగ్ సా అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. కొందరు "రెసిప్రో" అంటారు, కొందరు "సేబర్ సా" అంటారు, ఎక్కువమంది "ఆ బ్యాటరీ రంపం ఇవ్వండి" అంటారు. తీసుకెళ్ళేటప్పుడు ఎవరూ పెద్దగా ఏమీ అడగరు. పని మధ్యలో ఆగిపోయాక, సాయంత్రం ఏడింటికి ఫోన్లో అడుగుతారు. ఆ ఫోన్లలో వచ్చిన ప్రశ్నలే ఇవి.

ఇంట్లో యాంగిల్ గ్రైండర్ ఉంది. మళ్ళీ ఇది ఎందుకు?

గ్రైండర్ ఇనుము కోయడానికి పుట్టింది. దానికి చెక్క కోసే చక్రం బిగించి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు. రెసిప్రోలో బ్లేడు తిరగదు, ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఒక్కో ఊపు మిషన్‌ను బట్టి 20 నుంచి 32 మిల్లీమీటర్లు ఉంటుంది. పూర్తి వేగంలో నిమిషానికి 3,000 ఊపుల దాకా వెళుతుంది. మనం చేత్తో ఆక్సా బ్లేడు లాగే పనే ఇదీ. 1951లో అమెరికాలో మిల్వాకీ కంపెనీ 'సాజాల్' పేరుతో ఇలాంటిది తెచ్చింది. అక్కడ ఇప్పటికీ ఏ కంపెనీ మిషన్‌నైనా ఆ పేరుతోనే పిలిచేవాళ్ళున్నారు.

దీని గొప్పంతా ఒక్కటే: మేకులున్న పాత చెక్క, గోడ పక్కన ఇరుకులో ఉన్న పైపు, పచ్చి కొమ్మ, ఇనుప ఊచ, బ్లేడు మారిస్తే అన్నీ కోస్తుంది. నిప్పురవ్వలు కూడా గ్రైండర్‌తో పోలిస్తే చాలా తక్కువ. నునుపు మాత్రం అడక్కండి. కోత గరుకుగా, కాస్త వంకరగా వస్తుంది. కొండపల్లి బొమ్మ చేసే పొనికి కర్ర మీద దీన్ని పెడితే బొమ్మ కాదు, పేలికలు వస్తాయి. ఇది కూల్చే పనికి, కొట్టేసే పనికి.

కొత్త బ్యాటరీయే, ఐదు నిమిషాలకే దిగిపోతోంది. బ్యాటరీ పాడైనట్టేనా?

నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ "బ్లేడు ఎప్పుడు మార్చారు?" అనే. అవతల కాసేపు మాటుండదు.

బ్లేడు మొండిదైతే మిషన్ ఆగదు, కోస్తూనే ఉంటుంది. అక్కడే మోసపోతాం. అర నిమిషంలో తెగాల్సిన కొమ్మ రెండు నిమిషాలు పడుతుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా బ్లేడు దగ్గర వేడిగా, బ్యాటరీలో వేడిగా పోతుంది. మొన్న గొల్లపూడి నుంచి ఒకాయన కొత్త బ్యాటరీ కొనుక్కుని కూడా అదే కంప్లయింటుతో వచ్చాడు. మిషన్‌కున్న బ్లేడు చూస్తే ముందరి వారం పాత గుమ్మం మేకుల మీద ఆడినదే, ముందువైపు పళ్ళు అరిగి బల్లపరుపుగా ఉన్నాయి. బ్లేడు మార్చాక పాత బ్యాటరీయే ఆయన మామిడి దుంగల పని మొత్తం లాగేసింది.

పొట్టు చూస్తే తెలిసిపోతుంది. గరుకుగా, ముక్కలుగా రాలుతుంటే బ్లేడు బాగున్నట్టు. పిండిలా రాలుతూ, కోసిన చోటు గోధుమరంగుకో నలుపుకో తిరిగి, కాలిన వాసన వస్తే మార్చాల్సిన వేళయింది. బ్లేడు అంచు నీలంగా మారితే అది వేడికి మెత్తబడింది, ఇక కోయదు. అరగదీసి పదును పెడదామని కూర్చోకండి, ఈ బ్లేడ్లు వాడి పారేసే రకం.

కొత్త బ్లేడు వేసినా అలాగే దిగిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానిద్దాం.

మరి ఒక ఛార్జింగ్‌కి ఎంతసేపు రావాలి?

లెక్క కట్టుకోవచ్చు. 18 వోల్టులు, 4 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 18 × 4 = 72 వాట్-అవర్లు. కోసేటప్పుడు మోటారు సగటున 400 వాట్లు తాగుతుందనుకుంటే దాదాపు 11 నిమిషాలు వస్తుంది. పదకొండు నిమిషాలేనా అని బెంగపడకండి. అది స్విచ్ నొక్కి ఉంచిన సమయం మాత్రమే. కొమ్మ లాగి పక్కన పడేయడం, నిచ్చెన జరపడం, చెమట తుడుచుకోవడం అన్నీ కలిపితే గంట పని.

2 ఆంపియర్ల బ్యాటరీ తేలిగ్గా ఉంది. అది చాలదా?

డ్రిల్లుకు చాలు. ఈ రంపానికి చాలదు. సగం సేపే వస్తుందన్న మాట పక్కన పెట్టండి, అసలు ఇబ్బంది వేరు. 2 ఆంపియర్-అవర్ ప్యాక్‌లో మామూలుగా ఐదే సెల్స్ వరసగా ఉంటాయి. 4 లేదా 5 ఆంపియర్-అవర్ ప్యాక్‌లో పది ఉంటాయి, రెండేసి జతలుగా. పైన చెప్పిన 400 వాట్ల పనికి దాదాపు 22 ఆంపియర్ల కరెంటు కావాలి. చిన్న ప్యాక్‌లో ప్రతి సెల్ ఆ 22 మోయాలి. పెద్ద ప్యాక్‌లో ఒక్కో సెల్‌కి 11 వస్తుంది. కరెంటు సగమైతే సెల్ లోపల పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. రెండెడ్లు లాగే బండికి ఒక్క ఎద్దును కట్టినట్టు ఉంటుంది చిన్న బ్యాటరీ పరిస్థితి. అద్దెకు ఇచ్చేటప్పుడు ఈ మిషన్‌తో నేను చిన్న బ్యాటరీ ఇవ్వను, ఎవరు అడిగినా.

ఒక డబ్బా మీద 18 వోల్టులు, ఇంకోదాని మీద 20, మరోదాని మీద 21 అని ఉంది. ఏది ఎక్కువ?

మూడూ ఒకటే. లోపల ఐదు లిథియం సెల్స్. ఒక్కోటి సగటున 3.6 వోల్టులు, ఐదు కలిపితే 18. నిండుగా ఛార్జి అయినప్పుడు ఒక్కోటి 4.2, ఐదింటికి 21. ఏ అంకె రాసుకుంటే బాగా అమ్ముడుపోతుందో అది రాసుకున్నారు. అయినా ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి సరిపోతుందని దీనర్థం కాదు. గాడి ఆకారం వేరు, లోపలి సర్క్యూట్ వేరు.

88 వోల్టులు, 128 వోల్టులు అని రాసి ఉన్న బ్యాటరీలు చవగ్గా దొరుకుతున్నాయి కదా?

ఆ అంకెలు స్టిక్కర్ మీదే ఉంటాయి. మీటరు పెట్టి చూడండి, 20, 21 దగ్గర ఆగుతుంది. నా దగ్గరకు వచ్చిన వాటిని విప్పితే ఐదు సెల్స్, కొన్నిట్లో పదీ కనిపించాయి. ఒక దాంట్లో బరువు కోసం ఖాళీ అరలో సిమెంటు ముద్ద పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంకెలు అబద్ధమైనందుకు కాదు నా భయం. ఇలాంటి వాటిల్లో ఒక్కో సెల్ వోల్టేజిని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ సరిగా ఉండదు. ఒక సెల్ ముందే నిండిపోయినా ఛార్జర్ ఇంకా తోస్తూనే ఉంటుంది. నిప్పు అక్కడ పుడుతుంది.

ఏ పనికి ఏ బ్లేడు వేయాలి?

బ్లేడు మీద టీపీఐ అని ఒక అంకె ఉంటుంది. అంగుళంలో ఎన్ని పళ్ళున్నాయో చెప్పే అంకె అది. పచ్చి కొమ్మలకు 5 లేదా 6 పళ్ళది, కాస్త పొడుగ్గా 9 అంగుళాలదో 12 అంగుళాలదో. పెద్ద పళ్ళ మధ్య నుంచి తడి పొట్టు బయటికి పోవాలి, లేకపోతే అక్కడే గట్టిగా పట్టేస్తుంది. మేకులుండే పాత తలుపులు, గుమ్మాలు, సెంట్రింగ్ బాదులకు 6 నుంచి 10 పళ్ళ మధ్య, బైమెటల్ (రెండు రకాల లోహం అతికిన) రకం. ఇనుప ఊచ, యాంగిల్, జీఐ పైపుకు 14 నుంచి 18. పలచని రేకుకు, సన్నగొట్టానికి 24.

ఇనుముకు ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు: కోసే మందంలో ఎప్పుడూ మూడు పళ్ళన్నా ఆనాలి. 3 మిల్లీమీటర్ల రేకు మీద 24 పళ్ళ బ్లేడు పెడితే దాదాపు మూడు పళ్ళు ఆనుతాయి. అదే 6 పళ్ళ చెక్క బ్లేడు పెడితే రెండు పళ్ళ మధ్య ఎడమే 4 మిల్లీమీటర్లు దాటుతుంది. రేకు ఆ సందులో పడుతుంది, పన్ను తగులుకుని విరుగుతుంది. విరిగిన పన్ను ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు, అందుకే కళ్ళద్దాలు.

చెక్కను ఎంత వేగంగానైనా కోయొచ్చు. ఇనుమును అలా కాదు, స్విచ్ సగమే నొక్కి నెమ్మదిగా, మధ్యమధ్య ఒక చుక్క నూనె. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇంకా నెమ్మది. మీ మిషన్‌కి ఆర్బిటల్ మీట (బ్లేడును కాస్త పైకీ కిందికీ కూడా ఊపేది) ఉంటే చెక్కకు వేయండి, ఇనుముకు తీసేయండి.

కొబ్బరి, తాటి మొద్దులకు మాత్రం బ్లేడ్లు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళండి. పైకి మెత్తగా కనిపిస్తాయి గానీ ఆ పీచు పళ్ళను ఇసుక కాగితంలా అరగదీస్తుంది. ఎండిన చింత మొద్దు సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికి ఈ మిషన్‌ను మర్చిపోయి చైన్ సా తెచ్చుకోండి.

మిషన్ చేతిలో ఎగిరెగిరి పడుతోంది. పట్టుకోలేకపోతున్నాను.

ముందున్న ఇనుప పాదం, అదే షూ, కోసే వస్తువుకి ఆనించారా? పది మందిలో ఎనిమిది మంది ఆనించరు. పాదం గాల్లో ఉంటే బ్లేడు కొమ్మను కోయదు, కొమ్మే మిషన్‌ను ముందుకీ వెనక్కీ లాగుతుంది. పాదాన్ని గట్టిగా ఆనించి, రెండు చేతులతో పట్టి, అప్పుడు స్విచ్ నొక్కండి.

ఇంకో కారణం, బ్లేడు కొస వెనకాల దేనికో గుద్దుకోవడం. పైపు వెనక గోడ ఉంటే, బ్లేడు బయటికి వచ్చిన ప్రతిసారీ కొస గోడను పొడుస్తుంది, మిషన్ మన మీదికి తన్నుతుంది, బ్లేడు వంగుతుంది. పొట్టి బ్లేడు వేయండి. చాలా మిషన్లలో బ్లేడును తిరగేసి, పళ్ళు పైకి వచ్చేలా కూడా బిగించవచ్చు. నేలకు ఆనుకుని ఉన్న పైపులకు అది బాగా పనికొస్తుంది.

బ్లేడు మార్చేటప్పుడు ముందు బ్యాటరీ తీసేయండి. "ఒక్క నిమిషమే కదా" అనుకున్నప్పుడే వేలు స్విచ్ మీద పడుతుంది.

కొమ్మ సగం తెగాక బ్లేడు ఇరుక్కుపోతోంది.

పై నుంచి కోస్తుంటారు. కొమ్మ బరువుకు కిందికి వాలుతుంది, అప్పుడు రెండు చోట్ల ఇబ్బంది. మొదలు దగ్గర చివరి పొర తెగకుండా చీరుకుపోతుంది, వేప, మామిడి అయితే బెరడు మానుదాకా ఊడొస్తుంది. దుంగ రెండు వైపులా ఆసరా మీద ఉంటే నడుమ కుంగి కోత మూసుకుపోయి బ్లేడును కొరికి పట్టుకుంటుంది.

చెట్టు మీది కొమ్మకు ముందు కింది వైపు నుంచి మూడో వంతు కోయండి. తర్వాత దానికి కాస్త బయటగా పై నుంచి కోయండి. కొమ్మ పడిపోయాక మిగిలిన మోడును నెమ్మదిగా సాపు చేయండి. నేల మీది దుంగకు కోసే చోటు పక్కన ఒక ముక్క చెక్క ఎత్తు పెడితే కోత తెరుచుకుంటుంది. ఇరుక్కున్న బ్లేడును స్విచ్ నొక్కి లాగొద్దు. బ్యాటరీ తీసి, కోతలో చెక్క చీల కొట్టి, అప్పుడు లాగండి. ఇరుక్కున్నప్పుడు స్విచ్ నొక్కి ఉంచితే మోటారు కదలదు, కరెంటు మాత్రం పూర్తిగా లాగుతుంది. మంచి బ్యాటరీ అయితే తనే ఆగిపోతుంది, నాసిరకం అయితే ఆ పది సెకన్లలోనే నెలల ఆయుష్షు పోగొట్టుకుంటుంది.

నిచ్చెన మీద ఒంటిచేత్తో వద్దు. చిన్న సైజు ఒంటిచేతి మిషన్లు అమ్ముతున్నారు నిజమే, వాటితో కూడా వద్దు.

గాలివానకు కొమ్మ కరెంటు తీగ మీద వాలింది. అదొక్కటే కోసేస్తే?

వద్దు. బ్యాటరీ మిషన్ కాబట్టి షాక్ కొట్టదని ఒకాయన వాదించాడు. షాక్ మిషన్ నుంచి కాదండీ, తడిసిన కొమ్మ నుంచి. 1912కి ఫోన్ చేయండి, లైన్ ఆపించండి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన మరుసటి రోజు నా దగ్గరున్న మిషన్లన్నీ బయటికి వెళ్ళాయి. తీగల దగ్గరికి వెళ్ళనని మాట ఇచ్చినవాళ్ళకే ఇచ్చాను.

అలాగే, పెరట్లో చెట్టయినా మొదలంటా కొట్టేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి సంగతి ముందు కనుక్కోండి. మిషన్ అద్దెకిచ్చినవాడిని ఆ పంచాయితీలోకి లాగకండి.

గోడలో పైపులు, సిమెంటు రేకులు కోయొచ్చా?

పైపులు కోయొచ్చు. గోడలోకి గుడ్డిగా బ్లేడు దింపేముందు మెయిన్ స్విచ్ ఆపండి, నీళ్ళు కట్టేయండి. మన పాత ఇళ్ళలో వైరింగ్ ఏ దారిన పోయిందో కట్టిన మేస్త్రీకి కూడా గుర్తుండదు.

సిమెంటు రేకులు కోయకండి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ జబ్బు బయటపడదు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆగే పొడి కాదది. బోల్టులు విప్పి, తడిపి, రేకు పగలకుండా మొత్తంగా దింపండి.

ఎండాకాలం ఛార్జర్‌లో పెడితే లైటు మిణుకుమిణుకుమంటోంది, ఛార్జి ఎక్కడం లేదు. ఛార్జర్ పోయిందా?

పోలేదు. బ్యాటరీ వేడిగా ఉంది, చల్లారాక ఎక్కిస్తానని ఛార్జర్ చెబుతోంది. చాలా కంపెనీల పుస్తకాల్లో 40 డిగ్రీలు దాటాక ఛార్జి చేయొద్దని ఉంటుంది. మే నెలలో బెజవాడ నీడలోనే 44, 45 చూపిస్తుంది. ఊరికే బ్లేజ్‌వాడ అన్నారా. ఆ గాలిలో అప్పుడే పని చేసి దించిన బ్యాటరీ లోపల ఇంకెంత ఉంటుందో ఆలోచించండి.

లిథియం బ్యాటరీని రెండు సంగతులు ముసలిదాన్ని చేస్తాయి: వేడి, నిండుగా ఛార్జి అయి ఉండటం. రెండూ కలిస్తే మరీ త్వరగా. నిండా ఛార్జి చేసిన బ్యాటరీని ఎండలో ఆపిన కారు డిక్కీలో పెట్టడమంటే రెండూ ఒకేసారి చేయడం. అద్దాలు మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. నేనూ ఆ తప్పు చేసినవాడినే. ఒక మే నెలంతా రెండు బ్యాటరీలు బండి సైడు పెట్టెలో పెట్టుకుని బెంజిసర్కిల్ నుంచి గన్నవరం దాకా తిరిగాను. వానలు పడేసరికి ఆ రెండూ పాత రోజుల్లో ఇచ్చిన పనిలో సగం కూడా ఇవ్వలేదు. వాటితో పాటే కొని షాపు అల్మారాలో ఉంచిన మూడోది ఇప్పటికీ పని చేస్తోంది.

కాబట్టి ఎండాకాలం తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకో ఛార్జి చేయండి. పని నుంచి తీసిన బ్యాటరీని అరగంట ఫ్యాను కింద ఉంచి, చేత్తో పట్టుకుంటే వేడి తెలియనప్పుడు ఛార్జర్‌కి పెట్టండి. తొందరగా చల్లబడాలని ఫ్రిజ్‌లో పెట్టినవాళ్ళున్నారు, తడిగుడ్డ చుట్టినవాళ్ళున్నారు. రెండిట్లోనూ చెమ్మ లోపలికి చేరుతుంది. సైటు మీద ఉంటే బ్యాటరీని గోనెసంచి నీడలో ఉంచండి, ఇసుక కుప్ప మీద, రేకు మీద కాదు.

పూర్తిగా దిగాకే ఛార్జి పెట్టాలంటారు, నిజమేనా?

పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట అది. అప్పట్లో నిజం. లిథియం-అయాన్‌కి ఆ అలవాటు లేదు. 1991లో సోనీ వీటిని మార్కెట్లోకి తెచ్చింది, 2019లో వీటిని కనిపెట్టిన ముగ్గురికి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది, మన దగ్గర మాత్రం నికెల్ కాలపు సలహా ఇంకా నడుస్తోంది. సగంలో పెట్టినా పర్వాలేదు, సగంలో తీసినా పర్వాలేదు. మిషన్ నీరసంగా ఆడటం మొదలైతే ఆపేయండి. ఆగిపోయాక కాసేపు ఉంచితే మళ్ళీ రెండు ఊపులు వస్తుంది కదా అని పిండకండి, ఆ రెండు ఊపులే దానికి చేటు.

రాత్రంతా ఛార్జర్‌లో వదిలేస్తే?

మంచి ఛార్జర్ అయితే నిండగానే ఆపేస్తుంది. అయినా నేను వదలను. పరుపు పక్కన, కర్టెన్ కింద అసలే వద్దు.

ఇన్వర్టర్ మీద, జనరేటర్ మీద ఛార్జి చేయొచ్చా?

సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే నిశ్చింతగా. పాత స్క్వేర్‌వేవ్ రకం మీద ఛార్జర్ గుయ్యిమని మోగి వేడెక్కితే తీసేయండి. సైటు జనరేటర్ వోల్టేజి పైకీ కిందికీ ఆడుతుంటే స్టెబిలైజర్ ఉండాలి.

పని లేక నాలుగు నెలలు పక్కన పెట్టేశాను. ఇప్పుడు అసలు లైటే రావడం లేదు.

ఖాళీ బ్యాటరీని పెట్టి ఉంటారు. ఏమీ వాడకపోయినా లోపలి సర్క్యూట్ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. సెల్ వోల్టేజి మరీ కిందికి పోతే లోపల రాగి కరగడం మొదలవుతుంది. మళ్ళీ ఛార్జి చేసినప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. అందుకే అంత కిందికి పోయిన బ్యాటరీని ఛార్జర్ తీసుకోదు.

ఆటోనగర్లోనే "లేపి ఇస్తాం" అనేవాళ్ళున్నారు. రెండు వైర్లు పెట్టి ఇంకో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తోస్తారు. ఛార్జర్ మోసపోతుంది, బ్యాటరీ లేస్తుంది, మీరు సంతోషంగా ఇంటికి తీసుకెళ్ళి వంటింట్లో ఛార్జి పెడతారు. నేను ఆ పని చేయను, చేసిన బ్యాటరీని షాపులోకి కూడా రానివ్వను.

పక్కన పెట్టేటప్పుడు బ్యాటరీ మీది నాలుగు ఛార్జి లైట్లలో రెండు వెలిగేలా ఉంచండి. మిషన్ నుంచి తీసి విడిగా పెట్టండి. రెండు మూడు నెలలకోసారి నొక్కి చూసి, ఒక్క లైటుకు వస్తే కాస్త ఎక్కించండి. బ్లేడ్లకు జిగురు తుడిచి కుట్టుమిషన్ నూనె రాయండి, కృష్ణ ఒడ్డు చెమ్మకు వారంలో తుప్పు పడుతుంది.

వరదలో మునిగిన బ్యాటరీ ఎండలో ఆరబెట్టాను. ఇప్పుడు ఛార్జి చేయొచ్చా?

వద్దు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే జవాబు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు, నీళ్ళు తీశాక బస్తాల్లో మిషన్లు తెచ్చారు. మిషన్లలో కొన్ని బతికాయి. మోటారు విప్పి, బురద కడిగి, ఆరబెట్టి, బేరింగులు మార్చి నడిపించాం. బ్యాటరీల్లో ఒక్కటి కూడా నేను తిరిగి ఇవ్వలేదు. కొందరికి కోపం వచ్చింది. ఇల్లంతా పోయినవాడికి ఒక బ్యాటరీ కూడా పెద్దదే, నాకు తెలుసు. కానీ బురదనీరు లోపలికి పోతే సర్క్యూట్ మీద, సెల్స్ మధ్య పట్టీల మీద ఉప్పులు పేరుకుంటాయి. పైకి ఆరిపోయినట్టే ఉంటుంది, మీటరు 19 చూపిస్తుంది, మిషన్ కూడా ఆడుతుంది. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి ఆ ఉప్పు దారిలో కరెంటు పారుతుంది. మునిగిన బ్యాటరీని ఇంట్లో ఉంచొద్దు. ఆరుబయట, గోడకు దూరంగా, ఇసుక పోసిన ఇనుప బకెట్లో ఉంచి సర్వీస్ సెంటర్‌కి అప్పజెప్పండి.

వానలో తడిసిన మిషన్ వేరే సంగతి. నాలుగు చినుకులకు ఏమీ కాదు. బ్యాటరీ తీసి, తుడిచి, ఆరాక వాడుకోండి.

బ్యాటరీ నుంచి పొగ వస్తే ఏం చేయాలి?

పొగకు ముందు తరచుగా ఒక తియ్యటి, పెయింటు థిన్నర్ లాంటి వాసన, బుస్సుమనే చప్పుడు వస్తాయి. అప్పుడే చేతులు తీసేయండి. ఛార్జర్‌లో ఉంటే మెయిన్ ఆపండి. అది ఆరుబయట ఉంటే అందరూ దూరం జరిగి, దూరం నుంచే ధారాళంగా నీళ్ళు పోయండి. లిథియం-అయాన్‌ను చల్లార్చేది నీళ్ళే, పొడి చల్లే సిలిండర్ మంటను ఆపినా వేడిని ఆపదు, మళ్ళీ అంటుకుంటుంది. పొగ పీల్చకండి, విషం. గదిలో అయితే తలుపు వేసి బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి. బ్యాటరీ ఖరీదు గుర్తొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళొద్దు.

పాత బ్యాటరీ చెత్తబండికి ఇచ్చేయొచ్చా?

చెత్తబండిలో నొక్కుడుకు పగిలితే అక్కడే అంటుకుంటుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తిరిగి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీదే. కొన్న షాపుకో, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కో ఇవ్వండి. ఇచ్చేముందు ఇత్తడి కాళ్ళ (టెర్మినల్స్) మీద టేపు అంటించండి.

విమానంలో తీసుకెళ్ళొచ్చా?

గన్నవరం ఎయిర్‌పోర్టులో ఒకాయన బ్యాటరీలు తీసి పక్కన పెట్టించారట, అందుకే అడిగారు. రంపం, బ్లేడ్లు చెక్-ఇన్ సామానులో. విడి బ్యాటరీలు మాత్రం చేతిసంచిలోనే, కాళ్ళకు టేపు వేసి. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ ప్యాక్ 90 వస్తుంది కాబట్టి ఫర్వాలేదు, 6 ఆంపియర్-అవర్‌ది 108, దానికి ముందే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

సెకండ్ హ్యాండ్ మిషన్ దొరికింది. ఏం చూసి కొనాలి?

మిషన్‌ను ఖాళీగా ఆడించి చూపిస్తారు, దానికి మురిసిపోకండి. కూడా ఒక కొత్త బ్లేడు, చేతిమందం కర్ర తీసుకెళ్ళండి. నాలుగు కోతలు కోసి వెంటనే బ్యాటరీ లైట్లు చూడండి. నాలుగు నుంచి ఒక్కటికి పడిపోయి, నిమిషం ఆగాక మళ్ళీ రెండుకు ఎక్కితే సెల్స్ అలసిపోయినట్టు. బ్యాటరీ అడుగున స్క్రూలు చూడండి, తల అరిగి ఉంటే ఎవరో విప్పారు. సందుల్లో ఎండిన బురద గీత కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా మిషన్ ఒక్కటే బేరమాడి బ్యాటరీ వాళ్ళకే వదిలేసి రండి.